జాగ్రత్త: యానోస్ గడ్డిమైదానాల ప్యాకేజీకి అడ్వాన్సు కట్టే ముందు ఏ నెలలో పంపుతున్నారో చూసుకోండి

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల నుంచి వేసవి సెలవుల్లో దక్షిణ అమెరికా యాత్రకు వెళ్ళాలనుకుంటున్నవారు డబ్బు కట్టే ముందు దయచేసి ఇది పూర్తిగా చదవండి. మా కుటుంబం మోసపోయిన తీరులోనే మరొకరు మోసపోకూడదని రాస్తున్నాను.

కొలంబియా, వెనిజులా దేశాల్లో ఒరినోకో నది పరీవాహకం పొడవునా పరచుకున్న ఉష్ణమండల గడ్డిమైదానాలను యానోస్ అంటారు. అక్కడి పెద్ద పశుక్షేత్రాలను స్థానికులు ‘ఆతో’ అని పిలుస్తారు. వాటిలో కొన్ని ఒకవైపు ఆవుల మందలను మేపుకుంటూనే, తమ భూమిలో వేటను నిషేధించి, వన్యప్రాణులను కాపాడుతూ, సందర్శకులకు బస కూడా కల్పిస్తున్నాయి. కొలంబియాలోని కసనారే ప్రాంతంలో అటువంటి ఒక క్షేత్రానికి తిరుపతిలోని ఒక ట్రావెల్స్ సంస్థ ద్వారా నేను, నా భార్య, మా అబ్బాయి వెళ్ళాము. మనిషికి 4 లక్షల 20 వేల రూపాయల చొప్పున ముందుగానే కట్టాము. వారు చూపిన ఫోటోల్లో ఎండి నెర్రెలిచ్చిన కుంట చుట్టూ గుంపులు గుంపులుగా కాపిబారాలు (ఎలుక జాతికి చెందిన పెద్ద జంతువులు), ఒడ్డున నోరు తెరుచుకుని పడుకున్న మొసళ్ళు, ఎర్రని ఐబిస్ పక్షులు ఉన్నాయి. మే నెలలో కూడా ఇలాగే ఉంటుందా అని నేను స్పష్టంగా అడిగాను. “ఏ నెలలో వెళ్ళినా ఇంతేనండీ, మీరేం దిగులు పెట్టుకోకండి, చిరుతపులి లాంటి జాగ్వార్ కూడా తప్పకుండా కనబడుతుంది” అన్నారు.

అది శుద్ధ అబద్ధం. యానోస్‌లో ఏడాది రెండు భాగాలు. దాదాపు డిసెంబరు నుంచి మార్చి వరకు వాన ఉండదు, కుంటలు ఇంకిపోతాయి, మిగిలిన కాస్త నీటి చుట్టూ జంతువులన్నీ చేరతాయి. ఆ ఫోటోలు ఆ కాలానివి. తరువాత నవంబరు దాకా వానలు కురిసి మైదానం చాలాభాగం నీట మునుగుతుంది, ఎక్కడ చూసినా నీరే కాబట్టి ఏ జంతువుకూ ఒకచోట ఉండవలసిన అవసరం ఉండదు. నేలపట్టులో గూడబాతులను చూడడానికి మనవాళ్ళెవరూ మే నెలలో బయలుదేరరు కదా, ఆ మాత్రం విచక్షణ డబ్బు తీసుకున్న సంస్థకు ఉండాలి.

మేము మే చివరి వారంలో బొగోటా నుంచి విమానంలో యోపాల్ చేరి, అక్కడి నుంచి జీపులోను, జీపు వెళ్ళలేని చోట ట్రాక్టరు ట్రాలీలోను, వాన తడుపుతుండగా క్షేత్రానికి చేరుకున్నాము. మమ్మల్ని చూసి క్షేత్రం నిర్వాహకుడు ఈ నెలలో ఎందుకు వచ్చారని ఆశ్చర్యంగా అడిగారు. నాలుగు రోజుల్లో మేము చూసిన కాపిబారాలు పదకొండు, అవి కూడా నీటి మధ్య మిగిలిన చిన్న మెరక మీద ఒకదానికొకటి ఆనుకుని నిలుచున్నవి. అనకొండ కనబడలేదు, జాగ్వార్ ఊసే లేదు. ప్యాకేజీలో రాసిన గుర్రపు స్వారీ నీళ్ళ వల్ల రద్దయింది, దానికి బదులుగా ఏర్పాటైన పడవకు మా దగ్గరే వేరుగా డబ్బు తీసుకున్నారు, ఆ సంగతి ఇక్కడ ఎవరూ చెప్పలేదు.

క్షేత్రంలో పనిచేసేవారి తప్పు ఇందులో ఏమీ లేదు, వారు మమ్మల్ని ఎంతో ఆదరంగా చూసుకున్నారు. అక్కడి మూపురం గల తెల్లని బ్రాహ్మన్ పశువులను చూస్తే మన పల్లెల్లో ఉన్నట్టే అనిపించింది, ఆ జాతి రూపొందడంలో మన ఒంగోలు పశువుల పాత్ర కూడా ఉంది. తెల్లవారుజామున ఒక కాపరి దూడను వదిలి ఆవును చేపించి, దాన్ని పేరు పెట్టి పిలుస్తూ సన్నగా పాట పాడుతూ పాలు పితకడం మేము దగ్గర నిలబడి చూశాము. పని చేస్తూ పాడుకునే అటువంటి పాటలను యునెస్కో 2017లో తక్షణం కాపాడుకోవలసిన వారసత్వ జాబితాలో చేర్చింది. సరైన నెలలో వెళ్ళి ఉంటే ఆ నాలుగు రోజులు జీవితాంతం గుర్తుండేవి.

ఇంతకంటే పెద్ద నష్టం తిరుగు ప్రయాణంలో జరిగింది. కొలంబియా ఎల్లో ఫీవర్ ఉన్న దేశం. అక్కడి నుంచి టీకా ధ్రువపత్రం లేకుండా భారతదేశానికి వచ్చేవారిని 6 రోజుల వరకు విడిగా ఉంచుతారు. ఈ విషయం సంస్థవారు మాకు ఒక్కమాటైనా చెప్పలేదు. ప్రయాణంలో గడిచిన రెండు రోజులు పోగా మిగిలిన నాలుగు రోజులు మేము ముగ్గురం చెన్నైలో నిర్బంధంలో ఉండవలసి వచ్చింది, మా అబ్బాయి సెమిస్టరు పరీక్ష ఒకటి పోయింది. నిబంధన ప్రకారం నడుచుకున్న అధికారులను నేను తప్పుపట్టను. ఆ టీకాను గుర్తింపు పొందిన కేంద్రాల్లోనే వేస్తారు, మనకు దగ్గరలో చెన్నై గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. వేయించుకున్న 10 రోజుల తరువాతే పత్రం చెల్లుతుంది, ఆపై జీవితాంతం పనికొస్తుంది. అరవై ఏళ్ళు దాటినవారు ముందుగా వైద్యుణ్ణి సంప్రదించాలి.

డబ్బు వెనక్కి అడిగితే, రసీదు వెనుక చిన్న అక్షరాల్లో ఉన్న “వాతావరణ పరిస్థితులకు మేము బాధ్యులం కాము” అన్న వాక్యాన్ని చూపించారు. అకస్మాత్తుగా వచ్చిన తుపానుకు ఆ వాక్యం వర్తించవచ్చు గాని, ఏటా అదే నెలల్లో వచ్చే వానకాలాన్ని దాచిపెట్టి అమ్మినందుకు ఎలా వర్తిస్తుంది? జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయడానికి కాగితాలు సిద్ధం చేసుకుంటున్నాను. 2019 చట్టం ప్రకారం మనం నివసించే చోటనే, రెండేళ్ళలోపు ఫిర్యాదు చేయవచ్చు. నోటిమాటగా ఇచ్చిన హామీలకు నా దగ్గర రుజువు లేకపోవడమే ఇప్పుడు ఇబ్బందిగా ఉంది. అందువల్ల మీరు ఏ నెలలో వెళ్తున్నారో, ఆ నెలలో అక్కడ ఏమి కనబడుతుందో, టీకా సంగతేమిటో, పడవకు, స్వారీకి ఎవరు చెల్లిస్తారో వాట్సాప్‌లోనైనా సరే రాతపూర్వకంగా తీసుకుని, ఆ తరువాతే అడ్వాన్సు కట్టండి. ఇప్పటికే ఏప్రిల్, మే నెలలకు కట్టినవారు ఉంటే ప్రయాణాన్ని జనవరికో ఫిబ్రవరికో మార్చమని ఇప్పుడే అడగండి.