లైఫ్ జాకెట్: పడవలో ఉంటే చాలా, ఒంటి మీద ఉండాలా?

సరదా పడవల విషయంలో చాలా చట్టాలు ఒకే మాటతో సరిపెట్టుకుంటాయి: ఎక్కినవాళ్లందరికీ సరిపడా లైఫ్ జాకెట్లు పడవలో ఉండాలి. తొడుక్కోవడం ఎవరిష్టం వాళ్లది. అమెరికా ఫెడరల్ నిబంధన పెద్దవాళ్లకు దాదాపు ఇదే. 13 ఏళ్లలోపు పిల్లలు మాత్రం కదిలే పడవలో, కేబిన్ లోపల లేకపోతే, వేసుకునే ఉండాలి. రాష్ట్రాలు ఇంకా బిగించుకోవచ్చు.

ఈ పద్ధతిలో స్వేచ్ఛ ఉంది, కానీ ఆపద వేళకు పెద్దగా అక్కరకు రాదు. పడవ తిరగబడేది క్షణాల్లో. అప్పటికి జాకెట్ సీటు కింద పెట్టెలో ఉంటుంది, మనం నీళ్లలో ఉంటాం. ఒకవేళ చేతికి దొరికినా అలల్లో తేలుతూ తొడుక్కోవడం మహా కష్టం. చన్నీళ్లయితే మొదటి నిమిషమంతా ఊపిరి ఎగదన్నుకొస్తుంది, పది నిమిషాలకల్లా వేళ్లు మాట వినవు. గజ ఈతగాళ్లకూ అంతే.

పడవ ప్రమాదాల్లో నీట మునిగి చనిపోయినవాళ్లలో 80 శాతానికి పైగా జాకెట్ వేసుకోనివాళ్లే అని అమెరికా కోస్ట్ గార్డ్ లెక్కలు ఏటా చెబుతున్నాయి. అయితే ఈ ఒక్క అంకె చూసి తీర్పు చెప్పను. మామూలుగానే పెద్దవాళ్లలో వేసుకోనివాళ్లు ఎక్కువ కాబట్టి చనిపోయినవాళ్లలోనూ వాళ్లే ఎక్కువ కనిపిస్తారు. నాకు ఆస్ట్రేలియాలోని విక్టోరియా అనుభవం ఇంతకన్నా గట్టిగా అనిపిస్తుంది. అక్కడ 2005 డిసెంబరులో తొడుక్కోవడం తప్పనిసరి చేశారు. అంతకుముందు ఆరేళ్లలో 59 మంది సరదా పడవల నుంచి నీళ్లలో పడి చనిపోతే, ఆ తర్వాత ఐదేళ్లలో 16 మంది చనిపోయారు. జాకెట్ వేసుకునేవాళ్లు 22 శాతం నుంచి 63 శాతానికి పెరిగారు.

అమలు చేయడానికి కూడా ఒంటి మీద ఉండాలనే నిబంధనే సులువు. జాకెట్లు పడవలో ఉన్నాయో లేదో తెలియాలంటే దాన్ని ఆపి పెట్టెలు తెరిపించాలి. ఒంటి మీద ఉన్నదీ లేనిదీ ఒడ్డు నుంచే కనిపిస్తుంది.

అలాగని అందరూ, అన్ని పడవల్లో, అన్ని వేళలా వేసుకోవాలంటే ఒప్పుకోను. మూసిన కేబిన్‌లో ఉండగా పడవ తిరగబడితే ఫోమ్ జాకెట్ మనిషిని పైకి నెట్టేస్తుంది, మునిగి తలుపులోంచి బయటపడనివ్వదు. ఉక్కపోత కూడా చిన్న విషయమేం కాదు. దానికి గాలి నిండే సన్నరకం జాకెట్లున్నాయి. కానీ వాటిని ఉబ్బించే చిన్న గ్యాస్ సిలిండర్ సరిగా ఉందో లేదో చూసుకుంటూ ఉండాలి. పిల్లలకూ ఈత రానివాళ్లకూ ఫోమ్ రకమే నయం.

అందుకే నా ఓటు మధ్యేమార్గానికి. విక్టోరియా చేసిందీ అదే: 4.8 మీటర్ల లోపు మోటారు పడవల్లో, ప్రయాణంలో బయట కూర్చున్నంతసేపూ వేసుకోవాలి. అంతకు మించి 12 మీటర్ల దాకా అయితే రాత్రిపూట, ఒంటరిగా వెళ్లినప్పుడు, తుఫాను హెచ్చరిక ఉన్నప్పుడు, అలాంటి సమయాల్లోనే. ఐర్లండ్ 7 మీటర్ల దగ్గర గీత గీసింది. 16 ఏళ్లలోపు వాళ్లకైతే పడవ ఎంత పెద్దదైనా డెక్ మీద తప్పనిసరే. నాకు ఐర్లండ్ గీతే నచ్చింది. ఆరు మీటర్ల పడవ కూడా తిరగబడేటంత చిన్నదే.

జరిమానా మాత్రం పడవ నడిపేవాడికే వేయాలి. చుట్టపుచూపుగా ఎక్కినవాడికి ఆ నీళ్ల సంగతేం తెలుస్తుంది?