ఎడమచేతికి జపాన్ కత్తి

నాది ఎడమచేతి వాటం. అన్నం కుడిచేత్తో తినాలని చిన్నప్పుడు నాయనమ్మ చెయ్యి మీద కొట్టి మరీ నేర్పింది. మిగతా పనులన్నీ ఎడమచేత్తోనే. కూరగాయల దగ్గర మాత్రం ఎప్పుడూ ఇబ్బంది పడలేదు. తెనాలిలో నేను తరగడం నేర్చుకున్నది కత్తిపీట మీద. పీటని కాలితో తొక్కిపెట్టి కూర్చుంటే కత్తి కదలదు, కాయే కదులుతుంది. రెండు చేతులూ కాయని పట్టుకునే ఉంటాయి. అక్కడ కుడీ ఎడమా అనే గొడవే లేదు. ఈ సంగతి నలభై ఏళ్లు దాటాక, టోక్యోలో ఒక ముల్లంగి ముందు నిలబడినప్పుడు గానీ నాకు తట్టలేదు.

మా ఆడపడుచు టోక్యోలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తోంది. నిషి-కసాయ్‌లో ఉంటుంది. మనవాళ్లు ఎక్కువగా ఉండే పేట కాబట్టి కందిపప్పుకీ కరివేపాకుకీ లోటు లేదు. పిల్లల్ని మా ఆయనకి అప్పజెప్పి నవంబరులో పది రోజులు వెళ్లాను. నేను గుళ్లకంటే వంటింటి సామాన్ల కొట్ల ముందే ఎక్కువసేపు ఆగుతానని తనకి తెలుసు. అందుకే నేను దిగకముందే కూరగాయలు కోయడం నేర్పే క్లాసు ఒకటి బుక్ చేసి పెట్టింది. చివరికి రెండు క్లాసులు చేశాం. రెండింటికీ మధ్య ఉన్న తేడా చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

మొదటిది టోక్యోలో, యాత్రికుల కోసం నడిపే ఒక స్టూడియోలో. గంటన్నర క్లాసు, తలకి 9,000 యెన్‌లు, అంటే మన డబ్బుల్లో ఐదు వేలు దాటింది. ఎనిమిది మందిమి. అందులో ఇరవై నిమిషాలు వీడియోకే పోయాయి. శాకాహారం అని ముందే రాశాం కదా, మిగతావాళ్లు చేప కోస్తుంటే మా ఇద్దరికీ రెండు దోసకాయలు, ఒక ముల్లంగి ఇచ్చి పక్క బల్ల దగ్గర నిలబెట్టారు. అది కూడా సర్దుకుపోవచ్చు. అసలు తంటా కత్తితో వచ్చింది.

జపాన్ సంప్రదాయ కత్తులు చాలావాటికి పదును ఒకవైపే ఉంటుంది. కూరగాయలు కోసే ఉసుబా, చేపని ముక్కలు చేసే దెబా, పచ్చి చేపని పలచని ముక్కలుగా కోసే యనగిబా, అన్నీ అంతే. కుడివైపు ఏటవాలుగా అరగదీస్తారు, ఎడమవైపు దాదాపు చదునుగా వదిలేస్తారు. కుడిచేతివాళ్లు కోస్తే ముక్క కత్తికి అంటుకోకుండా చక్కగా విడిపోతుంది. అదే కత్తి ఎడమచేత్తో పడితే అడ్డం తిరుగుతుంది. నేను నిటారుగా దించుతున్నా కత్తి పక్కకి జారిపోతోంది, ముక్క పైన మందంగా, కింద పలచగా వస్తోంది. మూడో ముక్కకి నాకు టెన్షన్ మొదలైంది. నేర్పే అమ్మాయి వచ్చి చూసి, చాలా మర్యాదగా, కుడిచేత్తో ప్రయత్నించమంది. నాయనమ్మ గుర్తొచ్చింది. ఎడమచేతి కత్తి లేదా అని అడిగితే ముందే చెప్పి ఉండాల్సిందన్నారు. బుకింగ్ ఫారంలో ఏమేం తినకూడదో అడిగారు, ఏ చెయ్యి వాటమో అడగలేదు.

సానపట్టడం కూడా నేర్పుతామని రాశారు. రాయి మీద నా వంతు ఐదారు నిమిషాలు. చేతికి ఏమీ అందకముందే పక్కవాళ్లకి ఇచ్చేయాల్సి వచ్చింది.

మర్నాడు కప్పాబాషికి వెళ్లాం. ఉయెనోకీ అసాకుసాకీ మధ్య ఉండే వీధి అది, గింజా లైనులో తవరామాచి స్టేషన్ దగ్గర దిగాలి. వీధి మొదట్లో ఒక భవనం మీద పెద్ద వంటమాస్టర్ తల బొమ్మ ఉంటుంది, దారి తప్పే పని లేదు. హోటళ్లకి కావాల్సిన గిన్నెలు, గరిటెలు, అద్దాల బీరువాల్లో పెట్టే ప్లాస్టిక్ తిండి బొమ్మలు, కత్తులు, అన్నీ ఇక్కడే. ఆదివారం చాలా కొట్లు మూసేస్తారు, మామూలు రోజున వెళ్లండి. ఒక కొట్లో పెద్దాయన నా గోడు విని రెండు కత్తులు తీసి పక్కపక్కన పెట్టాడు. ఒకటి రెండువైపులా పదునున్న నకిరి, కూరగాయల కత్తే. ఇది ఏ చేతికైనా ఒకటే, ఇంట్లో వంటకి ఇది చాలు అన్నాడు. రెండోది నిజమైన ఎడమచేతి ఉసుబా, ఏటవాలు అటువైపు. ధర మామూలుదానికంటే బాగా ఎక్కువ. చేసేవాళ్లు తక్కువ, కొనేవాళ్లు ఇంకా తక్కువ. నేర్చుకోవాలని ఉంటే కత్తులకి పేరుపడ్డ సకాయ్ ఊరు వెళ్లమన్నాడు.

"వదినా, ఎలాగూ ఒసాకా వెళ్తున్నాంగా, అక్కణ్ణుంచి సకాయ్ ట్రామ్ దూరమే" అంది మా ఆడపడుచు.

ఒసాకాకి బుల్లెట్ రైలు. వాటిలో వేగమైన నొజోమి అయితే రెండున్నర గంటలు, ఒకవైపుకి సుమారు 14,000 యెన్‌లు. యాత్రికులకి అమ్మే ఏడు రోజుల రైలు పాస్ 2023 అక్టోబరులో 50,000 యెన్‌లకి పెరిగింది. ఒక్క టోక్యో–ఒసాకా రానుపోనుకి అది గిట్టదు, విడి టికెట్లే నయం.

బస కోసం ఒసాకాలో నంబా, తెన్నోజి పేటలు రెండూ చూశాం. నంబాలో తిండికీ తిరుగుడికీ బాగుంటుంది గానీ రాత్రంతా గోలే, గదులకి ధర కూడా ఎక్కువ. సకాయ్ వెళ్లే పాతకాలపు ట్రామ్ తెన్నోజి నుంచే బయల్దేరుతుంది కాబట్టి అక్కడే ఉన్నాం. ఓ మామూలు బిజినెస్ హోటల్. గదిలో ఒక సూట్‌కేసు తెరిస్తే రెండోది మంచం మీద పెట్టుకోవాలి. కింద నాణేలు వేసే వాషింగ్ మెషిన్, మా అంతస్తులోనే మైక్రోవేవ్ ఉన్నాయి, ఆ రెండింటికీ నా మార్కులు. టిఫిన్ మాత్రం డబ్బు కట్టి పొరపాటు చేశాం. గుడ్డు, చేప తీసేస్తే మిగిలింది అన్నం, ఊరగాయ ముక్కలు, బ్రెడ్డు. సూప్ కూడా చేప పొడితో కాచిందే. రెండో రోజు నుంచి కన్వీనియన్స్ స్టోరులో ఉప్పులో ఊరబెట్టిన ఉమె అనే పుల్లటి పండు పెట్టిన అన్నం ముద్దలు కొనుక్కున్నాం. మన ఊరగాయ అన్నానికి దూరపు చుట్టం అది.

ట్రామ్ పేరు హంకాయ్. ఒక్కటే పెట్టె, ఇళ్ల మధ్య నుంచి మెల్లగా వెళ్తుంది. దారిలో సుమియోషి తైషా గుడి ఎదురుగానే ఆగుతుంది, ఎత్తయిన వంపు వంతెన ఉన్న గుడి, అరగంట దిగి చూడొచ్చు. ఎంత దూరమైనా ఒకటే టికెట్, రెండొందల చిల్లర యెన్‌లు, దిగేటప్పుడు ఇవ్వాలి. మ్యోకొకుజి-మాయె స్టాపులో దిగితే నాలుగడుగుల్లో సకాయ్ సంప్రదాయ వృత్తుల మ్యూజియం. క్లాసుకి ముందు ఇది చూడటం మంచిదైంది.

సకాయ్‌కి కత్తుల ఊరన్న పేరు పొగాకు వల్ల వచ్చిందట. పదహారో శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు పొగాకు తెచ్చాక ఆకుని సన్నగా తరిగే కత్తులు కావాల్సొచ్చాయి. ఇక్కడి కమ్మరులు చేసినవి ఎంత నచ్చాయంటే తర్వాత దేశాన్నేలిన తోకుగావా ప్రభుత్వం వాటి మీద ప్రత్యేక ముద్ర వేయించి అమ్మించింది. తుపాకులు కూడా ఇక్కడే చేసేవారు. ఆ లోహపు పనితనమే తర్వాత సైకిళ్ల వైపు మళ్లింది. మన పిల్లల గేరు సైకిళ్ల మీద కనపడే షిమానో కంపెనీ 1921లో పుట్టింది ఈ ఊళ్లోనే. ఇంకో విశేషం, ఇక్కడ కత్తిని ఒక్కరే చేయరు. కొలిమి దగ్గర కొట్టేవాళ్లు వేరు, సానపట్టేవాళ్లు వేరు, పిడి తొడిగేవాళ్లు వేరు. ఒకరి పనిలో ఇంకొకరు వేలు పెట్టరు.

మేం వెళ్లింది సానపట్టే ఆయన దగ్గరికి. మూడు గంటల క్లాసు, తలకి 14,000 యెన్‌లు, మాతో కలిపి నలుగురే. టోక్యో దెబ్బ తిన్నాం కాబట్టి ముందే మెయిల్ పెట్టాం: ఎడమచేయి, చేప వద్దు. ఆయన తిరిగి ఒక ప్రశ్న అడిగాడు, నా ఎత్తెంత అని. వెళ్లేసరికి కోసే బల్ల కింద చెక్క పెట్టి నా మోచేతికి సరిపడా ఎత్తు చేసి ఉంచాడు. పక్కన తడిగుడ్డ మీద ఎడమచేతి ఉసుబా. ఇంగ్లిషు ఆయనకి నాలుగు ముక్కలే వచ్చు. మా ఆడపడుచు లేకపోతే ఫోన్ అనువాదంతో లాక్కురావాలి.

మొదటి గంట కత్సురముకి. అరచేతి వెడల్పు ముల్లంగి దుంగని చేతిలో తిప్పుతూ, కాగితపు చుట్ట విప్పినట్టు, తెగకుండా పలచని పొరగా తీయాలి. కత్తి ముందుకి తోయకూడదు. కొద్దిగా పైకీ కిందకీ ఆడిస్తుంటే చాలు, ముల్లంగే కత్తి మీదకి వస్తుంది. పొర ఎంత మందముందో బొటనవేలు చెప్పాలి. ఆయన తీసిన పొర కింద వార్తాపత్రిక పెట్టి అక్షరాలు చూపించాడు. నాది రెండు బెత్తెలు రాకుండానే తెగింది. మళ్లీ మొదలు. ఆరోసారో ఏడోసారో, అరె, ఇది కత్తిపీట పనే కదా అనిపించింది. కత్తి నిలబడుతుంది, కాయ తిరుగుతుంది. అప్పట్నుంచి చెయ్యి కొంచెం దారికొచ్చింది. మూర పొడుగు వచ్చింది ఒకసారి. అందులో మూడు చోట్ల చిల్లులున్న మాట దాచను. మా ఆడపడుచుకి మూడు మూరలు వచ్చింది, తనకి ఇంట్లో కూర తరగడమే పడదు. న్యాయం లేదు.

ఆ పొరల్ని మడిచి దారాల్లా తరిగితే చేప పళ్లాల్లో పక్కన కుప్పగా పెట్టే తెల్లని తరుగు అవుతుంది. చేప తినం కాబట్టి మేం దాన్ని మధ్యాహ్నం నిమ్మరసంతో తిన్నాం.

మిగతా రెండు గంటలూ రాయి మీదే, ఎవరి రాయి వాళ్లకి. అసలు క్లాసు ఇదే. మధ్యరకం గరుకుండే వెయ్యి నంబరు రాయిని బుడగలు ఆగేదాకా నీళ్లలో నానబెట్టాలి. ఒకవైపు పదునున్న కత్తి అయితే ఏటవాలు భాగాన్ని రాయికి పూర్తిగా ఆనిస్తే చాలు. రెండువైపులా ఉన్నదానికి వెన్ను కింద రెండు పది యెన్‌ల నాణేలు దూరేంత సందు ఉంచాలి. ఆ సందు మారకుండా ఉంచడంలోనే ఉంది కష్టమంతా. నాకు మారుతోందని ఆయన అంచు మొత్తం నల్ల స్కెచ్ పెన్నుతో పూసి రుద్దమన్నాడు. ఎక్కడ నలుపు పోయిందో చూస్తే నా తప్పు నాకే కనపడింది. రాయి మీద వచ్చే బురద కడిగేయబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు, పదును పెట్టేది ఆ బురదేనట. ఒకవైపు రుద్దితే రెండోవైపు అంచుకి సన్నటి గరుకు వస్తుంది, బొటనవేలికి తెలుస్తుంది. అది మొన నుంచి పిడి దగ్గరి కొస దాకా వస్తే గానీ తిప్పకూడదు. ఆఖర్న ఆ గరుకుని వార్తాపత్రిక మీద దువ్వి పోగొట్టాలి.

మా వీధుల్లో సైకిల్ తొక్కుతూ చక్రం తిప్పి, నిప్పురవ్వలు లేపుతూ కత్తులు సానబెట్టేవాళ్లు వస్తారని చెప్పాను. నిప్పురవ్వలు అనగానే ఆయన పళ్లు నొక్కిపట్టి గాలి పీల్చాడు. నీళ్లు లేకుండా అంత వేడి తగిలితే అంచులో ఉక్కు గట్టిదనం పోతుందట. మా అమ్మ కత్తి నెలకే మొద్దుబారడానికి కారణం ముప్పై ఏళ్ల తర్వాత దొరికింది.

భోజనం కూడా అందులో కలిపే ఉంది. సముద్రపు ఆకు కొంబుతో మాత్రమే కాచిన సూప్, తోఫు, అన్నం, మేం తరిగిన కూరగాయలు. ఉప్పూ కారం తక్కువే గానీ ఆకలి మీద బాగుంది. లోపం చెప్పాలంటే చలి. షెడ్డులో హీటరు ఒక మూలే ఉంది, చేతులు రెండు గంటలు తడిలో. నవంబరులోనే అలా ఉంటే జనవరిలో నేను వెళ్లను.

కొన్నదేమిటంటే, ఎడమచేతి ఉసుబా కాదు. మనసు లాగింది, నిజమే. కానీ పొద్దున్నే క్యారియర్లు కట్టే హడావుడిలో నేను కత్సురముకి చేసేదేముంది? 165 మిల్లీమీటర్ల నకిరి తీసుకున్నాను, లోపల పదునైన ఉక్కు, బయట తుప్పు పట్టని పొర, 13,000 యెన్‌లు. వెయ్యి నంబరు రాయి ఇంకో 4,000. పూర్తి కార్బన్ ఉక్కు ఇంకా బాగా కోస్తుంది గానీ నిమ్మకాయ, చింతకాయ కోసి తుడవకుండా వదిలేస్తే నల్లబడి తుప్పు పడుతుంది, మా పనమ్మాయి మీద అంత భారం వేయలేను. కత్తి మీద పేరు చెక్కుతారు కదా అని మా అత్తగారి పేరు లక్ష్మి అని చెప్పాం. వాళ్ల లిపిలో 'ల' లేదు. రకుషుమి అయింది.

కత్తి కొనడం ప్రయాణం చివర్లో పెట్టుకోండి. సరైన కారణం లేకుండా ఆరు సెంటీమీటర్లు దాటిన కత్తి వెంట పెట్టుకు తిరగడం అక్కడ నేరం. రైళ్లలో కూడా సరిగ్గా ప్యాక్ చేయని కత్తిని రానివ్వరు. కొట్లో కట్టిచ్చిన పెట్టె విప్పకుండా చెకిన్ లగేజీలో పెట్టేయాలి, చేతి సంచిలో పెడితే ఎయిర్‌పోర్టులో వదులుకోవాల్సిందే.

చేపలు కోయడం నేర్చుకోవాలనుకునేవాళ్లకి, సాయంత్రం ఓ గంటన్నర సరదాగా గడిస్తే చాలనుకునేవాళ్లకి టోక్యో క్లాసు సరిపోతుంది. ఊరు మారే పని లేదు, ఇంగ్లిషులో చెబుతారు. చేతికి పని రావాలంటే మాత్రం బుక్ చేసేముందు రెండు ప్రశ్నలు అడగండి: మనిషికో రాయి ఇస్తారా, ఎంతసేపు ఇస్తారు. ఎడమచేతివాళ్లయితే మూడోది మీకే తెలుసు.

ఇంటికొచ్చాక మొదటి వారంలోనే మా ఆయన ఆ కత్తితో కొబ్బరి చిప్పలోంచి ముక్క పెకలించబోయాడు. అంచు ఆవగింజంత విరిగింది. ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలు రాయి ముందు కూర్చుని దాన్ని సరిచేశాను, ఇంకా కొంచెం కనపడుతోంది. ఉల్లిపాయలకీ బెండకాయలకీ ఇప్పుడు నకిరి. గుమ్మడికాయకి, కందకి, కొబ్బరికి కత్తిపీటే.