ఎక్స్ఛేంజ్‌లో పాత బండి ఇచ్చేవారికి హెచ్చరిక: ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టకండి

100 సీసీ బండి నుంచి 150, 160 సీసీ బండికి మారదామనుకుంటున్నవారు, అందులోనూ పాత బండిని షోరూంలోనే ఎక్స్ఛేంజ్‌కు ఇచ్చేసి చేతులు దులుపుకుందామనుకుంటున్నవారు, సంతకాలు పెట్టేముందు ఇది చదవాలని కోరుతున్నాను. కొత్త బండి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. నన్ను ఇప్పటికీ తిప్పలు పెడుతున్నది నేను వదిలించుకున్నాననుకున్న పాత బండే.

పదకొండేళ్లు స్ప్లెండర్ నడిపాను. ఘట్‌కేసర్ నుంచి సికింద్రాబాద్‌కు ఒక్కడినే వెళ్లి వచ్చినంత కాలం దానికి వంక పెట్టడానికి లేదు గానీ, వెనక మా ఆవిడ కూర్చుంటే ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు మూడో గేరుకు దిగక తప్పేది కాదు, వరంగల్ హైవే మీద లారీని దాటాలంటే గుండె దిటవు చేసుకోవలసి వచ్చేది. అందుకే 160 సీసీ బండి తీసుకున్నాను. పాత బండికి బయట 22 వేలు వస్తాయని మా మెకానిక్ చెప్పాడు. షోరూంలో 17 వేలు, పైన ఎక్స్ఛేంజ్ బోనస్ 3 వేలు అన్నారు. రెండు వేల కోసం బేరగాళ్ల చుట్టూ తిరగడమెందుకని ఒప్పుకున్నాను.

బండికి ధర కట్టిన మనిషి ఒంటి మీద షోరూం చొక్కా లేదు. అది గమనించాను, కానీ పట్టించుకోలేదు. అతను బండిని మరొకరి పేరుకు మార్చడానికి వాడే ఫారం 29, ఫారం 30 ముందుపెట్టి పెన్సిల్‌తో టిక్కులు పెట్టిన చోటల్లా సంతకం చేయమన్నాడు. కొనేవారి పేరు, చిరునామా, తేదీ రాయవలసిన గడులన్నీ ఖాళీగా ఉన్నాయి. ఎవరి పేరు రాస్తారని అడిగితే, కొనేవారు దొరికాక రాస్తామని, ఇక్కడ అందరూ ఇలాగే ఇస్తారని అన్నాడు. ఒరిజినల్ ఆర్‌సీ తీసుకుని, బండి ముట్టినట్లు ఒక చిన్న చీటీ చేతిలో పెట్టాడు. దాని మీద షోరూం ముద్ర లేదని ఇంటికి వచ్చాక గాని నాకు తట్టలేదు.

నాలుగు నెలల తర్వాత ఫోన్‌కు ఈ-చలాన్ వచ్చింది. ఫొటోలో ముగ్గురు కుర్రాళ్లు, ఒక్కరికీ హెల్మెట్ లేదు. నంబరు చూడకముందే బండిని గుర్తుపట్టాను: వెనక మడ్‌గార్డు మీద మా అమ్మాయి చిన్నప్పుడు అంటించిన సీతాకోకచిలుక స్టిక్కరు, ఒక రెక్క చిరిగిపోయి, అలాగే ఉంది. ఆ వారంలోనే మరో రెండు చలాన్లు వచ్చాయి.

షోరూంకు వెళితే, పాత బండ్ల వ్యవహారం తమది కాదని, అది బయటి ఏజెంటు చూసుకుంటాడని చెప్పారు. బోనస్ మాత్రం వాళ్ల బిల్లులోనే తగ్గించారు! ఏజెంటుకు ఫోన్ చేస్తే, బండిని మరొక వ్యాపారికి ఇచ్చానని, అతను ఎవరికో అమ్మాడని, పేరు మార్చుకోవడం కొన్నవాడి బాధ్యతని అన్నాడు.

ఆ మాట సగమే నిజం. మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం, అదే రాష్ట్రంలో బండి చేతులు మారితే అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలియజేయాలి. అంటే నా వంతు పని నేనూ చేయలేదు. చలాన్లు కట్టేయడం పెద్ద విషయం కాదు. ఆ ముగ్గురు ఎవరినైనా గుద్ది ఉంటే నా గతేమిటన్నది అసలు భయం. ఇలాగే పేరు మారకుండా పలువురి చేతులు మారిన ఒక కారు ప్రమాదం చేసిన కేసులో, ఆర్‌సీలో పేరున్న మొదటి యజమానే పరిహారానికి బాధ్యుడని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పైగా నా స్ప్లెండర్ థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ నేను బండి ఇచ్చిన రెండో నెలలోనే ముగిసింది. దాన్ని తిరిగి కట్టినవారెవరైనా ఉంటారని నేను నమ్మను.

కాబట్టి కొనేవారి పేరు నింపకుండా ఏ ఫారం మీదా సంతకం చేయకండి. ఇంకా ఎవరూ దొరకలేదంటే, బండి తీసుకుంటున్న వ్యాపారి పేరే రాయమనండి. పాత బండ్ల వ్యాపారులు రిజిస్ట్రేషన్ అధికారి నుంచి అనుమతి పత్రం పొందాలని, బండిని వారికి అప్పగించిన సంగతి ఫారం 29సీ ద్వారా తెలియజేయాలని, అక్కడి నుంచి బండికి వారినే యజమానిగా పరిగణించాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 2023 ఏప్రిల్ 1 నుంచి ఉంది. ఆ పత్రం చూపించమని అడిగితే ఎదుటివాడి సంగతి అక్కడే తేలిపోతుంది. బండి ఇచ్చిన తేదీ, సమయం, ఓడోమీటర్ రీడింగు రాసి, తీసుకున్నవారి సంతకం, షోరూం ముద్ర ఉన్న రసీదు తీసుకోండి. ఆర్‌సీకి, సంతకం చేసిన ప్రతి కాగితానికి ఫొటో తీసుకోండి. నా దగ్గర ఆర్‌సీ ఫొటో కూడా లేకపోవడంతో ఛాసిస్ నంబరు కోసం పాత ఇన్సూరెన్స్ కాగితాలు వెతుక్కోవలసి వచ్చింది.

ఆన్‌రోడ్ ధర గురించి కూడా ఒక మాట. నా కొటేషన్‌లో హ్యాండ్లింగ్ ఛార్జీలని ఒక పద్దు ఉండగా, అది దేనికని గట్టిగా అడిగితే కొట్టేశారు. హెల్మెట్‌కు విడిగా డబ్బు వేశారు. కొత్త ద్విచక్ర వాహనంతో పాటు ఐఎస్ఐ హెల్మెట్‌ను తయారీదారే ఇవ్వాలని అదే కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 138వది చెబుతోందని చూపిస్తే అదీ తీసేశారు. ఇక్కడ ఇంత పట్టుగా బేరమాడిన నేనే, పక్క బల్ల మీద ఖాళీ కాగితాలకు సంతకాలు చేసి వచ్చాను.

ప్రస్తుతం బండి ఇచ్చిన తేదీతో ఆర్టీఏ కార్యాలయానికి రాతపూర్వకంగా తెలియజేసి, అందినట్లు ముద్ర వేయించుకున్నాను. షోరూం మేనేజరుకు, ఏజెంటుకు రిజిస్టర్డ్ పోస్టులో నోటీసులు పంపాను. మేనేజరు సంతకంతో అక్‌నాలెడ్జ్‌మెంట్ కార్డు వచ్చింది. ఏజెంటుకు పంపిన కవరు మాత్రం ఆ చిరునామాలో ఎవరూ లేరన్న రాతతో తిరిగి వచ్చింది. ఈ రోజు ఉదయం చూసినప్పుడు కూడా ఆర్‌సీ మీద నా పేరే ఉంది.