విలీనాల చట్టం: బేర్ యాక్టు, పాత డీలు ఫైలు పక్కపక్కన పెట్టుకుని చదివితే

కంపెనీల విలీనాలు, టేకోవర్ల చట్టానికి గైడ్లు, కోచింగ్ నోట్సులు బోలెడు దొరుకుతాయి. వాటిని అవతల పెట్టి, బేర్ యాక్టునూ (వ్యాఖ్యానం లేని చట్టం అసలు పాఠం) ఒక పాత డీలు కాగితాలనూ పక్కపక్కన పరుచుకుని చదివే పద్ధతి మీద ఈ సమీక్ష. ఏళ్లుగా నేను వాడుతున్నది ఇదే, సీఎస్ (కంపెనీ సెక్రటరీ), లా విద్యార్థులకు చెప్పేదీ ఇదే. మొదటి నెల విసుగు పుట్టిస్తుంది. ఆ తర్వాత సెక్షన్ నంబరుతో పాటు దాన్ని అలా ఎందుకు రాశారో కూడా బుర్రకెక్కుతుంది.

కావలసినవి తక్కువే: కంపెనీల చట్టం 2013లో 230 నుంచి 240 వరకు సెక్షన్లు, వాటి కింద 2016లో వచ్చిన రూల్స్, స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2011 టేకోవర్ నిబంధనలు, కాంపిటీషన్ చట్టంలో 5, 6 సెక్షన్లు. అన్నీ ప్రభుత్వ వెబ్‌సైట్లలో ఉచితం. లిస్టెడ్ కంపెనీ విలీనమైతే స్కీము (విలీనం షరతులన్నీ రాసిన పత్రం), వాల్యుయేషన్ రిపోర్టు (వాటాల విలువ లెక్క), ఫెయిర్‌నెస్ ఒపీనియన్ (ఆ లెక్క న్యాయమైనదా అన్నదానిపై అభిప్రాయం) స్టాక్ ఎక్స్ఛేంజీ సైట్లో ఉంటాయి.

చట్టంతో మొదలుపెట్టకండి. వాటాదారులకు పంపే సమావేశ నోటీసు (ఫారం సీఏఏ-2), దాని వెంట ఉండే వివరణ పత్రంతో మొదలుపెట్టండి. కథంతా అందులోనే ఉంటుంది. తర్వాత స్కీములో నిర్వచనాల పేజీ తీసి అపాయింటెడ్ డేట్, ఎఫెక్టివ్ డేట్ కింద గీత గీసుకోండి. ఎక్కువమంది తడబడేది ఇక్కడే. లెక్కల్లో విలీనం ఏ రోజు నుంచి జరిగినట్టో చెప్పేది అపాయింటెడ్ డేట్. షరతులన్నీ తీరి, విలీనాన్ని ఆమోదించే ఎన్‌సీఎల్‌టీ (జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్) ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీ కంపెనీల రిజిస్ట్రార్ దగ్గర దాఖలైన రోజును సాధారణంగా ఎఫెక్టివ్ డేట్ అంటారు. అపాయింటెడ్ డేట్ దరఖాస్తుకు ఏడాది కంటే వెనక్కి పోతే కారణం చూపాలని కంపెనీ వ్యవహారాల శాఖ 2019 ఆగస్టు సర్క్యులర్ చెబుతోంది. సర్టిఫైడ్ కాపీని ఐఎన్‌సీ-28 ఫారంలో దాఖలు చేసే 30 రోజుల గడువు ఉత్తర్వు తేదీ నుంచి కాదు, కాపీ చేతికందిన రోజు నుంచి.

ఓటింగు లెక్కను కాగితం మీద ఒక్కసారైనా వేసి చూడాలి. సెక్షన్ 230(6) రెండు పరీక్షలు పెడుతుంది: ఓటేసిన వాళ్లలో తలల లెక్కన మెజారిటీ, విలువ లెక్కన నాలుగింట మూడు వంతులు. 60 మంది ఓటేశారనుకోండి, వాళ్ల వాటాలు మొత్తం 8 లక్షలు. 7 లక్షల వాటాలున్న 10 మంది సరేనన్నారు, లక్ష వాటాలున్న 50 మంది కాదన్నారు. విలువలో 87.5 శాతం వచ్చినా తీర్మానం వీగిపోయినట్టే, 31 తలలు కావాలి మరి. ఇప్పుడు చిన్న కంపెనీల వంటివి ట్రిబ్యునల్‌కు వెళ్లకుండా చేసుకునే ఫాస్ట్ ట్రాక్ విలీనాల సెక్షన్ 233 చూడండి. అక్కడ 90 శాతం కావాల్సింది మొత్తం వాటాల్లో, ఓటేసినవాటిలో కాదు. ఇంట్లో కూర్చున్న వాటాదారు కూడా వ్యతిరేకి కిందే లెక్క. "ఫాస్ట్" అన్న పేరు చూసి సులువనుకున్న చిన్న కంపెనీలు ఆచూకీ లేని వాటాదారుల దగ్గర ఇరుక్కునేది అందుకే.

ఫైలుగా ఏది తీసుకోవాలంటే, మన హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్‌కు మించింది నాకు కనబడలేదు. 2009 జనవరి 7న లెక్కల మోసాన్ని ఒప్పుకుంటూ ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖ, ఏప్రిల్‌లో వాటా రూ.58 చొప్పున టెక్ మహీంద్రా బిడ్, 31 శాతం వాటా, ఆపైన 20 శాతానికి ఓపెన్ ఆఫర్ (మిగతా వాటాదారుల దగ్గర కొంటామన్న ప్రతిపాదన), చివరికి 2013 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆమోదంతో విలీనం. టేకోవరూ విలీనమూ ఒకే ఫైలులో దొరుకుతాయి. మార్పిడి నిష్పత్తి 17 సత్యం వాటాలకు 2 టెక్ మహీంద్రా వాటాలు. 100 వాటాలున్న మనిషికి 11.76 వస్తుంది. 11 సరే, ఆ 0.76 ఏమవుతుంది? జవాబు స్కీముల్లో ఫ్రాక్షన్ల క్లాజులో ఉంటుంది: మామూలుగా అందరి ముక్కలనూ పోగేసి ఒక ట్రస్టీకి ఇస్తారు, ఆయన మార్కెట్లో అమ్మి డబ్బు పంచుతాడు. ఇంత చిన్న క్లాజు చదివితే స్కీము అంటే ఏమిటో తెలుస్తుంది.

అదే ఫైలులో ఇంకో గని ఉంది. తాము సత్యంకు రూ.1,230 కోట్లు ఇచ్చామంటూ 37 కంపెనీలు విలీనానికి అడ్డుపడ్డాయి. ఆ మొత్తాన్ని సత్యం పుస్తకాల్లో దర్యాప్తు తేలేదాకా సస్పెన్స్ ఖాతాలో (ఏమిటో తేలని మొత్తాలను పెట్టే ఖాతా) చూపారు. అప్పటి చట్టం 1956ది. ఇప్పుడైతే 230(4) ప్రకారం అభ్యంతరం చెప్పాలంటే 10 శాతం వాటా గానీ, తాజా ఆడిటెడ్ లెక్కల ప్రకారం మొత్తం అప్పులో 5 శాతం గానీ ఉండాలి. సస్పెన్స్ ఖాతాలోని సొమ్ము "అప్పు" అవుతుందా? ఈ ఒక్క ప్రశ్న మీద రెండు వైపులా చెరో పేజీ వాదన రాయండి, ఆ సెక్షన్ ఇక మరచిపోరు.

ఒక హెచ్చరిక. పాత డీలును కొత్త అంకెలతో చదివితే అంతా తప్పు. సత్యం నాటికి 1997 నిబంధనలు: వాటా 15 శాతానికి చేరితే కనీసం 20 శాతానికి ఆఫర్. 2011 అక్టోబర్ 22 నుంచి 25 శాతానికి చేరితే కనీసం 26 శాతానికి. ఫైలు పై మూలన ఏ నిబంధనల కాలమో ముందే రాసుకోవాలి.

కాంపిటీషన్ చట్టాన్ని అమలు చేసే కమిషన్ సీసీఐ ఉత్తర్వులు చదవడానికి హాయిగా ఉంటాయి, కానీ అంకెలు చాలాచోట్ల చెరిపేసి ఉంటాయి. 2024 సెప్టెంబర్ 10 నుంచి రూ.2,000 కోట్ల డీలు విలువ పరిమితి (సీసీఐ అనుమతి కావాలా అని తేల్చే ఒక కొలత) వచ్చింది, పాత ఉత్తర్వుల్లో అది కనబడదు. ఎన్‌సీఎల్‌టీ ఉత్తర్వులు చాలావరకు ఒకే మూసలో ఉంటాయి. అన్నీ చదవనక్కర్లేదు. రీజినల్ డైరెక్టర్ (విలీనంపై కేంద్రం తరఫున అభిప్రాయం చెప్పే అధికారి) నివేదిక, దానికి కంపెనీ ఇచ్చిన జవాబు ఉన్న పేరాలకు వెళ్లండి, సరుకంతా అక్కడే. అధీకృత మూలధనం ఫీజు సర్దుబాటు, అకౌంటింగ్ స్టాండర్డు, ఫెమా (విదేశీ మారకం చట్టం), పన్ను బకాయిలు: ఇవే అభ్యంతరాలు మళ్లీ మళ్లీ వస్తాయి.

ఈ పద్ధతి చేతులెత్తేసేది ప్రైవేటు కొనుగోళ్ల దగ్గర. వాటా కొనుగోలు ఒప్పందాలు మన దగ్గర సాధారణంగా బయటికి రావు. వారంటీలు (అమ్మేవాళ్లు ఇచ్చే హామీలు), ఇండెమ్నిటీ (నష్టం భరిస్తామన్న మాట), మధ్యలో పరిస్థితి తారుమారైతే తప్పుకునే క్లాజు మనం చదివే ఈ ఫైళ్లలో కనబడవు. అమెరికా మార్కెట్ల నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ వారి ఎడ్గార్ సైట్లో 8-కే (కంపెనీ ముఖ్య పరిణామాలను తెలిపే) ఫైలింగు తెరిచి ఎగ్జిబిట్ 2.1 చూడండి, విలీన ఒప్పందం పూర్తి పాఠం ఉంటుంది. అక్కడిది ఎక్కువగా డెలావేర్ చట్టం కాబట్టి క్లాజు కూర్పు నేర్చుకోవడానికి వాడాలే తప్ప ఇక్కడి పరీక్షలో ఆ సూత్రాలు రాయకూడదు.

బేర్ యాక్టు ఏ తేదీ వరకు సవరించినదో మొదటి పేజీలో చూసుకోండి. ఫాస్ట్ ట్రాక్ పరిధిని 2025 సెప్టెంబర్‌లో పెంచారు. ఆదాయపు పన్ను చట్టం 2025 అమలు తేదీ 2026 ఏప్రిల్ 1, అంటే విలీనం నిర్వచనానికి అందరి నోటా ఉండే 2(1బి) పాత చట్టం నంబరు. నోట్సులో రెండు నంబర్లూ పక్కపక్కన రాసుకోవాలి, పాత తీర్పులన్నీ ఆ నంబరుతోనే ఉన్నాయి.