ఉప్పుగాలిలో సైకిలు: ఇంటి సామాను ఎంతవరకు ఆదుకుంది

మాది రాజోలుకు దిగువన, అంతర్వేది వైపు. ఇక్కడి ఉప్పుగాలికి ఇనుము తట్టుకోదు. వానాకాలమంతా కాలువ గట్ల మీద బురద, వేసవిలో కాలువలు కట్టేశాక అదే మట్టి దుమ్ముగా లేస్తుంది. ఈ రెంటి మధ్య రాడ్ బ్రేకుల నల్ల సైకిలును ఏళ్ల తరబడి ఇంట్లోనే చూసుకుంటున్నాను. వాడిన సామానులో ఏది పెట్టిన డబ్బుకు న్యాయం చేసిందో రాస్తున్నాను.

అన్నిటికన్నా ముఖ్యం నూనె. కోనసీమలో చెయిన్‌కు చాలామంది కొబ్బరినూనె పోస్తారు, ఇంట్లో ఎప్పుడూ ఉంటుంది కాబట్టి. దయచేసి పోయకండి. 24 డిగ్రీల దగ్గరే గడ్డకట్టే నూనె అది. మార్గశిర మాసం తెల్లవారుజామున సీసాలో పేరుకున్నట్టే లింకుల మధ్యా పేరుకుని, దుమ్ముతో కలిసి ముద్ద కడుతుంది. మోటారు సైకిలు నుంచి దించిన పాత ఇంజనాయిలు ఇంకా నష్టం, అందులోని ఇనుప రజను చెయిన్‌ను లోపలినుంచి అరగదీస్తుంది. కుట్టుమిషను నూనె పల్చగా లోపలికి దిగుతుంది. ఎండాకాలానికి అది చాలా మంచిది, కానీ ఒక్క పెద్ద వానకే కొట్టుకుపోతుంది. జూన్ నుంచి కార్తీకం దాకా నేను నమ్ముకున్నది కొత్త 20డబ్ల్యూ-40 (చిక్కదనాన్ని చెప్పే గుర్తు) ఇంజనాయిలు. పెడలు వెనక్కి తిప్పుతూ ఒక్కో లింకు రోలరు మీద ఒక్కో చుక్క వేయాలి. కాసేపు ఆగి, పాత లుంగీ గుడ్డతో చెయిన్‌ను పట్టుకుని, వేలికి నలుపు అంటనంతవరకూ తుడవాలి. నూనె పని చేసేది లోపలి పిన్ను దగ్గర, పైన మిగిలినదంతా దుమ్ముకు పిలుపే. నా మటుకు నూనె డబ్బా కంటే ఆ గుడ్డకే ఎక్కువ విలువ.

చెయిన్ అరిగిందో లేదో ఇనుప స్కేలు చెబుతుంది. ఒక పిన్ను మధ్య నుంచి 24 లింకులు లెక్కపెడితే సరిగ్గా 12 అంగుళాలు రావాలి. అంగుళంలో ఎనిమిదో వంతు పెరిగితే చెయిన్ మార్చేయడమే, లేకపోతే ఫ్రీవీలు (వెనక చక్రానికి ఉండే పళ్ల చక్రం) పళ్లు కూడా పోతాయి.

నిలబెట్టి కొట్టే పంపు కొన్న రోజు నుంచి షాపు మొహం చూడటం బాగా తగ్గింది. లోపలి తోలు వాషరు ఎండితే గాలి పట్టదు, రెండు చుక్కల నూనె వేసి పిడి నాలుగుసార్లు లాగితే మళ్లీ బిగుస్తుంది. ట్యూబులో గాలి రాత్రికి రాత్రి తగ్గితే వెంటనే పంక్చరు అనుకోవద్దు. వాల్వు మూతి మీద ఉమ్మితడి రాసి చూడండి. సన్నగా బుడగ లేస్తే లోపలి రబ్బరు గొట్టం కుళ్లిందన్నమాట. మన ఎండకు అది త్వరగా పాడవుతుంది, చిల్లర ఖర్చుతో మార్చుకోవచ్చు.

పంక్చరు సామాను విషయంలో కొంత అసంతృప్తి ఉంది. సొల్యూషను గొట్టం ఒకసారి తెరిస్తే మూత ఎంత బిగించినా నెలల్లో ఎండిపోతుంది, చిన్నదే కొనండి. గట్లమీది తుమ్మముళ్లకు ప్యాచీలు మాత్రం బాగానే నిలిచాయి. ట్యూబును గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషను రాశాక మెరుపు పోయేదాకా ఆగాలి. ముసురు రోజుల్లో ఆ తడి ఆరడానికి చాలాసేపు పడుతుంది. తొందరపడి అతికిస్తే ఊడి వస్తుంది.

బ్రేకు రబ్బర్లు ఎంత ఖరీదైనవి వేసినా, తడిసిన ఇనుప రిమ్ము మీద పట్టు తక్కువే. వానలో వంతెన దిగేటప్పుడు ముందుగానే నొక్కడం మొదలుపెట్టండి.

పెడల్ మార్చేటప్పుడు ఎడమవైపు మర తిరగబడి ఉంటుందని గుర్తుంచుకోండి, బలం కొద్దీ తిప్పితే మరే పోతుంది. చక్రం సొట్ట తీయడం, పెడలు కడ్డీని ఇరుసుకు బిగించే కాటరు పిన్ను ఊడదీయడం నేను ఇప్పటికీ షాపుకే వదిలేస్తాను.