చెలకను అడవి చేసిపెడతామన్నారు: 5కి 3 స్టార్లు

మా నాన్న పత్తి వేసి వేసి విసిగి వదిలేసిన 20 గుంటల ఎర్ర చెలక ఒకటి చేవెళ్ల దగ్గర ఆరేళ్లుగా పడావు పడి ఉంది. మన చెట్లతోనే దాన్ని మళ్లీ అడవి చేస్తాం, పిట్టలొస్తాయి, చెట్లు ఎంత కార్బన్ డయాక్సైడ్ పీల్చాయో చెప్పే కార్బన్ సర్టిఫికెట్ కూడా ఇస్తాం అంటే హైదరాబాద్‌లోని ఒక సంస్థకు పని అప్పజెప్పాం. రెండు వానాకాలాలు అయిపోయాయి కాబట్టి రాస్తున్నా. పేరు రాయట్లేదు, రీఫండ్ మాటలు ఇంకా నడుస్తున్నాయి.

వాళ్లు పంపిన ఫీల్డ్ మనిషికి మాత్రం ఐదుకి ఐదు. జేసీబీతో చదును చేయిద్దామని మేమంటే వద్దన్నాడు. గట్ల వెంట నడిచి, నాగలికి తెగీ, గొర్రెలు కొరికీ మొద్దుల్లా మిగిలిన మోదుగ, రేల, తునికి చూపించి, "ఇవి సచ్చిపోలే పెద్దయ్యా, కంచె ఏస్తే సాలు" అన్నాడు నాన్నతో. వేశాం. పాత వేళ్ల బలం ఉంది కదా, రెండో వానాకాలానికి మోదుగ నడుమెత్తు లేచింది. తంగేడును పశువులు ముట్టవు కాబట్టి అది ముందునుంచే ఉంది, ఇప్పుడు దాని నీడన పిట్టలు రెట్టేసిన గింజల నుంచి వేప మొలకలు కూడా వస్తున్నాయి. దీనికి నర్సరీ బిల్లు సున్నా.

బిల్లంతా మియావాకి ప్యాకేజీది. అకిరా మియావాకి అనే జపాన్ వృక్షశాస్త్రవేత్త పద్ధతి, చదరపు మీటరుకు మూడు, నాలుగు మొక్కలు ఒత్తుగా నాటాలి. ఐదు గుంటల ముక్కలోనే 1,500 మొక్కలు పట్టాయి, ఎండాకాలమంతా ట్యాంకర్ నీళ్లు మా ఖర్చు. మన దగ్గర అడవంటే వేసవికి ఆకు రాల్చి, చెట్టుకీ చెట్టుకీ మధ్య గడ్డి పెరిగేది, ఇంత ఇరుకు ఎందుకో నాకు అర్థం కాలేదు. పైగా 'స్థానిక' మొక్కల లిస్టులో నిద్రగన్నేరు, సుబాబుల్! రెండూ అమెరికా ఖండం నుంచి వచ్చినవి. ఆఫీసులో అడిగితే ఎప్పటినుంచో ఇక్కడున్నవే కదా సార్ అన్నారు. ఆ లెక్కన మిరపకాయ కూడా మనదే. సుబాబుల్ గింజ రాలితే ఎక్కడపడితే అక్కడ మొలుస్తుంది, పట్టుబట్టి పీకించాను.

సర్టిఫికెట్ గురించి చెప్పాలి. మెరిసే కాగితం మీద ఏడాదికి ఇన్ని టన్నులని రాసిచ్చారు. చెట్టు లావు ఛాతీ ఎత్తులో, అంటే 1.3 మీటర్ల దగ్గర కొలిచి, దాన్నిబట్టి బరువు అంచనా వేసి, ఎండు కట్టెలో దాదాపు సగం కార్బన్ అని పట్టి, 3.67తో గుణిస్తే కార్బన్ డయాక్సైడ్ లెక్క వస్తుంది. నాటిన మొక్కల్లో సగం మోకాలి దాకా రాలేదు, ఎక్కడ కొలిచారో మరి. కాగితం మీద ఏ రిజిస్ట్రీ (ఇలాంటి లెక్కల్ని నమోదు చేసే సంస్థ) నంబరూ లేదు, కాబట్టి కార్బన్ క్రెడిట్‌గా అమ్మడానికి పనికిరాదు.

మీకూ ఇలాంటి పడావు భూమి ఉంటే కంచె వరకే ఆర్డర్ ఇచ్చి, ఒక వానాకాలం ఏం మొలుస్తుందో చూడండి. మిగతా 15 గుంటలకు ఆ మనిషినే మళ్లీ పంపమని ఫోన్ చేశాను. మానేశాడట.