నాలుగేళ్ళు వాడిన హాబ్: గట్టు పైన సరిపోయిన కొలత, గట్టు కింద సరిపోలేదు

గట్టు రాయిని కోసి, అందులో దించి బిగించే గ్యాస్ పొయ్యిని హాబ్ అంటారు. ఈ నాలుగు బర్నర్ల హాబ్‌ను విజయవాడలోని మా ఇంటి వంటగట్టులో 2021 మార్చిలో బిగించారు. ఆ తర్వాత నాలుగేళ్ళకు పైగా రోజూ రెండు పూటలా, పండగలప్పుడు రోజంతా దీనిమీదే వండుతున్నాను. మంట ఎలా ఉంటుంది, బర్నర్లు ఇత్తడివా కావా, దానంతటదే వెలుగుతుందా అనే విషయాలు అందరికీ తెలిసినవే కనుక వాటి జోలికి పోవడం లేదు. నా బాధంతా డబ్బా మీద అచ్చు వేసిన ఒక్క అంకె గురించి. అది గట్టులో రాయిని ఎంతమేర కోయాలో చెప్పే కొలత. ఆ అంకెలో తప్పు లేదు. అయితే అది రాయి పైభాగానికి మాత్రమే పనికొచ్చే అంకె. మన ఇళ్ళలో గట్టు కింద ఏముంటుందో చూసుకోమని డబ్బా మీద రాయలేదు, అమ్మినవాళ్ళు చెప్పలేదు, మాకూ తోచలేదు.

మా అపార్ట్‌మెంట్ కట్టి పదిహేనేళ్ళు దాటింది. ఆ రోజుల్లో చాలా ఇళ్ళలో చేసినట్టే, మా గట్టుకు కూడా నిలువుగా కడప బండలు నిలబెట్టి, వాటి మీద అడ్డంగా మరో కడప బండ పరిచి, దానిపైన చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ అతికించారు. పైనుంచి చూసేవాళ్ళకు బంగారు చుక్కల నల్లరాయి ఒక్కటే కనిపిస్తుంది. ముందంచు దగ్గర టేపు పెడితే గ్రానైట్, సిమెంటు, కింది బండ అన్నీ కలిపి మందం రెండు అంగుళాలకు ఒక నూలు (అంగుళంలో ఎనిమిదో వంతు) తక్కువగా వచ్చింది. గోడ నుంచి అంచు వరకు 24 అంగుళాలు, సింకు నుంచి కిటికీ గోడ దాకా ఖాళీగా ఉన్న పొడవు ఆరడుగులకు కొంచెం తక్కువ. మేము ఎంచుకున్న హాబ్ అద్దం 780 మిల్లీమీటర్ల వెడల్పు, 520 మిల్లీమీటర్ల లోతు. దానికి రాయిలో కోయవలసినది 690 మిల్లీమీటర్లు, 460 మిల్లీమీటర్లు. మేస్త్రి భాషలో చెప్పాలంటే వెడల్పు 27 అంగుళాల ఒక నూలు పైచిలుకు. అంత పొడవైన గట్టులో ఈ మాత్రం చోటుకు ఏమి ఇబ్బంది వస్తుందని నిశ్చింతగా ఉన్నాము.

కొనడానికి ముందు సరిగ్గా చేసిన పని ఒకటి ఉంది, అది మా అత్తయ్యగారి చలవ. నేను టేపుతో కొలిచి కాగితం మీద రాసుకుంటూ ఉంటే ఆమె చూసి, "టేపు పెట్టి చూశావు సరే, గిన్నెలు పెట్టి చూశావా అమ్మాయ్?" అని అడిగారు. అప్పుడు దినపత్రిక కాగితాలు అతికించి, ముందుగా 60 సెంటీమీటర్ల హాబ్ అద్దం ఎంత ఉంటుందో అంత ముక్క కత్తిరించి గట్టుమీద పరిచాము. దుకాణంలో బర్నర్ల మధ్య దూరం కొలుచుకుని వచ్చి, ఆ లెక్కన కాగితం మీద సున్నాలు చుట్టి, వాటి మీద మా ఇడ్లీ పాత్రను, పన్నెండు అంగుళాల అట్ల పెనాన్ని, అన్నం గిన్నెను, పులుసు గిన్నెను పెట్టి చూశాము. ఇడ్లీ పాత్ర చెవి పెనానికి తగిలింది. పొద్దున్న ఇడ్లీ ఒకవైపు, అట్లు ఒకవైపు వేసే ఇంట్లో ఇది రోజూ ఎదురయ్యే ఇబ్బంది. 78 సెంటీమీటర్ల కాగితం పరిచి చూస్తే రెంటి మధ్యా రెండు వేళ్ళ సందు మిగిలింది. పెద్దది కొనాలని అక్కడే నిర్ణయమైంది. తర్వాత అరిసెల బాండీ తెచ్చి వెనక బర్నరు సున్నా మీద పెట్టాము. దాని వెడల్పు పద్నాలుగు అంగుళాలు, సున్నా నడిమి నుంచి గోడకు ఏడు అంగుళాలే. బాండీ అంచు టైల్సుకు ఆనుకుంది. అందుకని కాగితాన్ని అర అంగుళం ముందుకు జరిపాము. ఇన్నేళ్ళలో ఏ గిన్నె పెట్టడానికీ చోటు చాలలేదన్న మాట మా ఇంట్లో రాలేదు. ఈ ఒక్క విషయంలో మాత్రం మనస్ఫూర్తిగా సంతోషంగా ఉన్నాను.

ఇక బిగించిన రోజు సంగతి. దుకాణం పంపిన ఫిట్టరు, అతను వెంటబెట్టుకుని వచ్చిన గ్రానైట్ మేస్త్రి ఉదయం తొమ్మిదింటికల్లా పని మొదలుపెట్టారు. కోత నలుమూలలా గీతలు గీసి, ముందువైపు రెండు మూలల్లో డ్రిల్లుతో గుండ్రటి రంధ్రాలు వేశారు. రంధ్రం వేసి కోస్తే మూల గుండ్రంగా వస్తుందని, మూల సూదిగా ఉంటే రాయి అక్కడి నుంచే పగులుతుందని మేస్త్రి నాకు వివరంగా చెప్పాడు. పైపుతో నీళ్ళు పోస్తూ ముందు గీత, ఎడమ గీత, ఆ తర్వాత వెనక గీతలో చాలా భాగం కోశారు. కుడివైపుకు వచ్చేసరికి బ్లేడు చప్పుడు మారింది. అంతవరకు రెండు అంగుళాల రాయిని కోసుకుంటూ వచ్చిన బ్లేడు ఒక్కసారిగా లోపలికి దిగనని మొరాయించింది. మేస్త్రి మిషన్ ఆపి, గట్టు కింద సామాన్లు పెట్టుకునే అర తలుపు తీసి, ఫోను దీపం వేసి లోపలికి తొంగి చూసి, కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అమ్మగారూ, ఈ అర వెడల్పు ఇరవై ఆరు అంగుళాలేనండి. నిలువు బండ మందమంతా మన కోతలోకే వచ్చేసింది" అన్నాడు.

గట్టు పైన ఆరడుగుల ఖాళీ ఉన్నా, కింద అది మూడు అరలుగా విడిపోయి ఉంది. ఒక్కో అర మధ్య ఒక నిలువు బండ గట్టు బరువు మోస్తోంది. హాబ్ పెట్టవలసిన అర లోపలి వెడల్పు 660 మిల్లీమీటర్లు, కోయవలసినది 690. ఎడమకు జరిపినా కుడికి జరిపినా ఏదో ఒక బండ అడ్డం రాకతప్పదు. పైగా ఎడమవైపు వేలెడు చోటు వదిలి గీశారు కనుక కుడి బండ పూర్తిగా లోపలికి వచ్చింది. అర తలుపు తెరిచి టేపు అడ్డంగా పెట్టి చూస్తే అర నిమిషంలో తెలిసిపోయే సంగతి ఇది. వారం రోజులు కాగితాలు పరిచి, గిన్నెలు పేర్చి చూసిన మేము ఆ తలుపు తీయలేదు. అంతకుముందు రోజు కొలతలకు వచ్చిన ఫిట్టరు కూడా తీయలేదు. ఇళ్ళలో హాబ్‌లు బిగించడమే అతని పని కనుక అతనైనా తీసి చూడవలసింది. నాలుగేళ్ళ తర్వాత కూడా నాకు మనసులో మిగిలిన కష్టం ఇదే.

వెనక్కి తగ్గే దారి లేకపోయింది. చిన్న హాబ్‌కు మారదామంటే ముందు గీత అప్పటికే 690 మిల్లీమీటర్లు తెగి ఉంది, 60 సెంటీమీటర్ల అద్దం ఆ కోతను కప్పలేదు. ఆ సాయంత్రం మేస్త్రి నిలువు బండ పైభాగాన్ని ఐదు అంగుళాల లోతు వరకు కొట్టేస్తానని చెప్పి, అలా చేస్తే గట్టుకు కింది ఆధారం పోతుంది కనుక ఇనుప యాంగిల్‌తో చట్రం కట్టాలన్నాడు. మర్నాడు వెల్డరు వచ్చి కొలుచుకుని వెళ్ళాడు, మూడో రోజు మధ్యాహ్నానికి చట్రం బిగించారు. దానికి అయిన 3,500 రూపాయల కంటే నన్ను ఎక్కువగా కలవరపెట్టినది ముందువైపు మిగిలిన రాతి పట్టీ. అరిసెల బాండీ కోసం కాగితాన్ని ముందుకు జరిపిన ఆ అర అంగుళం ఇక్కడ తగ్గి, కోతకూ ముందంచుకూ మధ్య రెండున్నర అంగుళాల లోపే రాయి మిగిలింది. చట్రం దాని కింద కూడా పట్టి ఉండడం వల్ల ఇప్పటివరకు నిలిచింది. బరువైన రుబ్బురోలును మాత్రం ఆ దరిదాపుల్లో పెట్టనివ్వను.

ఆ తొందరలో ఇంకో లోపం జరిగింది. బండ అదిరితే గట్టు మొత్తం కదులుతుందన్న భయంతో, వెనకవైపు కుడి మూలలో డ్రిల్లు వేయకుండానే రెండు గీతలూ కలిపేశారు. మరుసటి ఏడాది మే నెలలో ఆ మూల నుంచి గోడవైపు వెంట్రుకంత సన్నని పగులు కనిపించింది. నల్లరాయి మీద పెన్సిలు గీత కనబడదు కనుక, పగులు కొస దగ్గర గోళ్ళ రంగుతో ఒక ఎర్ర చుక్క పెట్టి, తేదీని కేలెండర్‌లో రాసుకున్నాను. ఆరు నెలల్లో పగులు చుక్కను దాటి గోరంత ముందుకు వెళ్ళింది. రెండో చుక్క పెట్టాను. దానిని ఇంకా దాటలేదు. ప్రతి రాత్రి గట్టు తుడిచేటప్పుడు నా వేలు తెలియకుండానే అక్కడికి వెళుతుంది.

గట్టు కింది సంగతి అలా ఉంటే, గట్టు పైన కూడా మేము కొలవనిది ఒకటి ఉంది. కాళ్ళమీద నిలబడే పాత స్టవ్‌లో గిన్నె అడుగు గట్టుకు ఐదు అంగుళాల ఎత్తున ఉండేది. హాబ్‌లో అది రెండు అంగుళాలే. ఆ మూడు అంగుళాలు తగ్గడం మా అత్తయ్యగారికి వరమైంది. పొట్టి మనిషి కనుక ఇదివరకు మునివేళ్ళ మీద లేచి గిన్నెలోకి చూసేవారు, ఇప్పుడు హాయిగా నిలబడి కలుపుతున్నారు. అదే మూడు అంగుళాలు చిమ్నీ దగ్గర నష్టమైంది. మా చిమ్నీకి గ్యాస్ పొయ్యి నుంచి 65 మొదలు 75 సెంటీమీటర్ల దూరం ఉండాలని దాని పుస్తకంలో ఉంది. పాత స్టవ్‌కు 28 అంగుళాలు, అంటే 71 సెంటీమీటర్లు ఉండేది. హాబ్ వచ్చాక 31 అంగుళాలైంది, అంటే దాదాపు 79. తాలింపు వేస్తే ఎండుమిర్చి ఘాటు హాల్లో కూర్చున్న మా వారిని దగ్గించేది. చిమ్నీ పాడైందనుకుని రెండుసార్లు శుభ్రం చేయించాము. ఏడాది తర్వాత కొలిచి చూస్తేగాని కారణం తెలియలేదు. టైల్సులో కొత్త రంధ్రాలు వేయించి చిమ్నీని మూడు అంగుళాలు దింపించాక ఘాటు తగ్గింది. పూర్తిగా పోలేదు, ఎందుకంటే చిమ్నీ వెడల్పు 60 సెంటీమీటర్లు, హాబ్ 78. రెండు పక్కలా తొమ్మిదేసి సెంటీమీటర్లు బయట మిగులుతుంది, మా పెద్ద బర్నరు ఉన్నది ఆ చివరనే.

మొదటి ఏడాది వచ్చినవాళ్ళందరితోనూ స్టవ్ కింద సందు లేదు, ఇక తుడవవలసిన పనే లేదని గొప్పగా చెప్పాను. అందులో నిజం ఉంది. పాత స్టవ్ కింద చేరే ఆవాలు, నూనె జిడ్డు, బొద్దింకలు ఇప్పుడు లేవు. మూడో ఏడు సర్వీసుకు వచ్చిన మనిషి అద్దం పైకెత్తినప్పుడు మాత్రం వెనక అంచు కింద నల్లగా గట్టిపడిన జిడ్డు పొర కనిపించింది. మా గట్టు రసమట్టానికి లేదు, వెనకవైపు సుమారు మూడు మిల్లీమీటర్లు పల్లం. అక్కడ అద్దం కింద అతికించిన మెత్తటి పట్టీ రాయికి ఆనకపోవడంతో, పొంగిన పాలు, చారు ఆ సందులోకి దిగాయి. ఆయన మందమైన పట్టీ మార్చి వెళ్ళాడు. ఇప్పుడు ఆరు నెలలకొకసారి నేనే ఎత్తించి చూస్తున్నాను.

సిలిండరు గురించి ఒక మాట. హాబ్ పెట్టె కింద నాలుగు అంగుళాలు దిగడంతో, రెగ్యులేటరుతో కలిపి సిలిండరు ఆ అరలో పట్టలేదు. పక్క అరలోకి మార్చి, నిలువు బండకు అడుగున రంధ్రం వేయించి గొట్టం ఇవతలికి తెచ్చాము. గ్యాస్ గాలి కంటే బరువు కనుక అర తలుపులకు అడుగున జాలీ పెట్టించాను. గొట్టం బిగింపు చేతికి అందేలా ఉండాలని హాబ్ కింద సొరుగు పెట్టించలేదు. ఆ అర చాలావరకు ఖాళీగానే ఉంటుంది.

మళ్ళీ కొంటారా అని అడిగితే, మాది సొంత ఇల్లు, ముగ్గురం వండుకునేది రెండు పూటలు, అత్తయ్యగారికి తక్కువ ఎత్తు కావాలి కనుక మాకు ఇది పనికొచ్చిందనే చెబుతాను. అద్దె ఇంట్లో ఉండి ఉంటే గట్టు జోలికి వెళ్ళేదాన్ని కాదు. కొత్తగా ఇల్లు కట్టించుకుంటూ, నిలువు బండల మధ్య దూరం ముందే చెప్పి పెట్టించుకోగలిగిన వాళ్ళ సంగతి వేరు, వాళ్ళకు నా ఇబ్బందుల్లో సగం ఉండవు. మా గుంటూరు ఆడపడుచు పోయిన నెల హాబ్ కొంటానంటే, ముందుగా అర తలుపులన్నీ తీసి లోపలి వెడల్పులు రాసి పంపమన్నాను. ఆమె గట్టు కింద 24 అంగుళాలే వచ్చాయి. కాళ్ళ స్టవ్‌తోనే సరిపెట్టుకుంది. మా ఇంట్లో ఇది పాడైతే కొత్తది ఆ కోతను కప్పేదై ఉండాలి, కంపెనీ కంపెనీకి ఆ కొలత మారుతోంది. అందుకే ఆ దినపత్రిక కాగితం ముక్కను, కోత కొలతలు అంచున రాసి, బియ్యం డబ్బా వెనక చుట్ట చుట్టి దాచాను.